మేజోడుతో కట్టిన మొక్కలు

నవంబరు 2, ఆదివారం

ఛీ! ముందు ఆ మాట రాయి. మిగతాది తర్వాత.

నాకు చదువు రాదు. ఈ పాత ఫోను నుర్తెన్‌ది. ఎర్ర చుక్క మీద వేలు పెట్టి మాట్లాడితే అదే అక్షరాలుగా దించుకుంటుందట. "చెప్పుకోవలసినవి నీకు చాలా ఉన్నాయి కదమ్మా, దానితో చెప్పుకో, నా బుర్ర తినకు" అని నా కూతురే ఇచ్చింది. సరే, దీనితోనే చెప్పుకుంటాను. రేపు పైలోకంలో మా ఆయన కాజిమ్ ఎదురొచ్చి, "కెజిబాన్, నా చేపల తొట్టిని ఏం చేశారు?" అని నిలదీస్తే ఒక్క ముక్క మరిచిపోకుండా ఒప్పజెప్పాలి. ఇందులో నా తప్పేమీ లేదని ఆయనకు తెలియాలి.

కాజిమ్ పోయాక ఆయన చేపలు కూడా ఒక్కొక్కటే పోయాయి. చివరికి గాజు నాకుతూ బతికే నల్ల చేప ఒక్కటి మిగిలింది. పోయిన ఎండాకాలం అదీ వెల్లకిలా తేలింది. నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి, పాలకూర ఉడికించి మూతపెట్టి మరిచిపోయినట్టు. నేనే తియ్యనివ్వలేదు. ఆయన తొట్టి అది.

ఇవాళ నాలుగో అంతస్తు రాసిమ్ దిగి వచ్చాడు. జీవితమంతా ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసిన మనిషి. పెన్షను వస్తోంది, పెళ్ళాం పోయింది, బాల్కనీ నిండా ఆర్కిడ్ మొక్కలు. మెట్ల మీద నుర్తెన్ కనబడితే, "మీ తొట్టి ఊరికే పడి ఉంది కదా, నీళ్ళు తీసేసి అందులో ఆర్కిడ్లు పెడితే ఇంట్లోనే చిన్న అడవి తయారవుతుంది" అన్నాడట. ఇది సరేనందట. నన్నెవరడిగారు?

గొట్టం ఒక కొస తొట్టిలో ముంచాడు. రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. నోటితో! ఇన్నేళ్ళ చేపల ఉచ్చ! నీళ్ళు గబుక్కున వాడి నోట్లోకే వచ్చాయి. పరుగెత్తి వంటింటి సింకులో ఉమ్మాడు. నేను బియ్యం కడిగే సింకులో.  నుర్తెన్ అయితే నవ్వింది.

"ఎందుకే ఆ నవ్వు? ఆ సింకు నేనిక ముట్టను."

"ఏం కాదు పిన్నీ, నేను కడిగేస్తాగా," అన్నాడు వాడు. గడ్డం కింద పచ్చటి చుక్క ఇంకా వేలాడుతోంది.

పిన్నీ అట. వాడి తల నా తలకంటే తెల్లగా ఉంది.

"నేను నీకు పిన్నిని ఎలా అయ్యాను నాయనా? మా అక్కకు ఇంత ముసలి కొడుకు లేడే!"

దానికీ నవ్వింది నుర్తెన్. వాడు కూడా నవ్వాడు. పళ్ళు మరీ వరుసగా ఉన్నాయి. కట్టుడు పళ్ళు.

నవంబరు 3

సింకు మళ్ళీ కడిగించాను. బియ్యం మటుకు స్నానాల గదిలో కడిగాను.

నవంబరు 8

వెనిగర్ పోసి తొట్టి తోముతున్నారు ఇద్దరూ. తలలు రెండూ లోపల పెట్టి. బయటికి రెండు వీపులు కనబడుతున్నాయి, గంగాళంలో మూతిపెట్టిన మేకల్లా.

అడుగున కాల్చిన మట్టి గుళ్ళు పోశారు. దాని మీద వలగుడ్డ. దాని మీద బొగ్గు. వేరులాగా మెలికలు తిరిగిన ఎండుకొమ్మ ఒకటి నిలబెట్టారు. పైన దీపం. మూలకు అరచేయంత ఫ్యాను. మొక్కకు ఫ్యాను! ఆగస్టులో నేను చెమటతో ఉడికిపోతుంటే ఒక తడిగుడ్డ ఇచ్చింది నా కూతురు.

తర్వాత నాచు. ఎండిన నాచును నీళ్ళలో నానబెట్టి పిండుతున్నాడు. చేతి సందుల్లోంచి గోధుమరంగు నీళ్ళు కారుతున్నాయి. స్నానాల గది తూములో అడ్డుపడిన జుట్టు బయటికి లాగితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఒకసారి చెయ్యి పెట్టి చూడు పిన్నీ, మెత్తగా ఉంటుంది."

"మెత్తగా ఉన్నవన్నీ ముట్టుకునే వయసు కాదు నాది."

నుర్తెన్ మాత్రం మోచేతుల దాకా పెట్టింది. వేళ్ళ మీద సూది గుచ్చిన మచ్చలు దానికి. పెళ్ళి గౌన్లు అద్దెకిచ్చే దుకాణంలో గౌన్లు బిగించడం, వదులు చెయ్యడం దాని పని. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరి నడుములూ దీనికి తెలుసు. దీనికి నలభై ఎనిమిది. అప్పట్లో ఒకరిద్దరు పిల్లనడగడానికి వచ్చారు. ఒకడు తడిసిన గొర్రె వాసన. ఇంకొకడు చెంచాతో చెవిలో గోక్కుని అదే చెంచాతో టీ కలుపుకున్నాడు. నేను ఒక్కచూపుతోనే పసిగట్టి పంపేశాను. నేను లేకపోతే ఈ పిల్ల ఏ రోతలో పడి ఉండేదో.

నవంబరు 9, ఆదివారం

ఇది కాజిమ్‌కు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. అయినా చెబుతాను.

వాడు పైనుంచి మొక్కలు తెచ్చాడు. వాటిని మట్టిలో పెట్టరట. కొమ్మకు కట్టేస్తారట. వేళ్ళు గాలిలోనే వేలాడతాయట. చూశాను ఆ వేళ్ళను. తెల్లగా, లావుగా, చివర పచ్చగా, పొట్టలోంచి బయటపడ్డ పురుగుల్లా. 

"దేనితో కడదాం? దారం కోసుకుపోతుంది, వైరు తుప్పు పడుతుంది," అని వాడు గొణుక్కుంటున్నాడు. "మెత్తగా సాగేది ఏదైనా ఉంటే..."

నుర్తెన్ లోపలికి వెళ్ళి తన నైలాన్ మేజోడు తెచ్చింది. పొడుగుది. తొడ దాకా వచ్చేది. కత్తెరతో ఉంగరాలు ఉంగరాలుగా కోసింది. వాడు ఒక్కో ఉంగరాన్ని వేళ్ళతో సాగదీసి మొక్కను కొమ్మకు బిగించాడు.

నా కూతురి మేజోడు. మగవాడి చేతిలో. నా కళ్ళముందు.

"నుర్తెన్!"

"చిరిగిపోయిందమ్మా అది, ఎలాగూ పారేసేదే."

"అయితే చెత్తకుండీలో పారెయ్! పరాయి మగాడి వేళ్ళకు తొడుగుతావా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. చేతిలోని ఉంగరం అక్కడే పెట్టేసి, "పిన్ని చెప్పింది నిజమే, నేను పాత బనియను తెస్తాను," అని లేచాడు.

"కూర్చోండి," అంది నుర్తెన్. గొంతు పెంచలేదు. నా వంక చూడనూ లేదు. "బనియను సాగదు. కట్టండి."

వాడు కట్టాడు. తొట్టిలో ఇప్పుడు తొమ్మిదో పదో మొక్కలున్నాయి, అన్నిటి నడుములకూ నా కూతురి మేజోడే.

నవంబరు 11

మొన్నటి దాకా "రాసిమ్ గారూ". ఇవాళ మెట్ల మీదినుంచి "రాసిమ్!" అని కేకవేసింది.

నవంబరు 16, ఆదివారం

బయట సాలెప్ అమ్మేవాడు వచ్చాడు, దుంపపిండి వేసి కాచిన వేడి పాలు. నుర్తెన్ మూడు గ్లాసులు తెచ్చింది. మూడు. మూడోది ఎవరికో చెప్పనక్కర్లేదు. వాడు ఊదుకుంటూ, చప్పరిస్తూ తాగుతాడు. ఆ చప్పుడుకు నా గ్లాసులో పాలు విరిగిపోతాయేమో అనిపించింది.

"ఈ సాలెప్ కూడా ఆర్కిడ్డే తెలుసా పిన్నీ," అన్నాడు. "వీటికి చుట్టమే."

నాకే చెబుతున్నాడు! తోరోస్ కొండల్లో మేకల వెంట తిరిగి పెరిగినదాన్ని నేను. మంచు కరగగానే గునపం పట్టుకుని సాలెప్ తవ్వడానికి వెళ్ళేవాళ్ళం. ఎన్ని వేల దుంపలు తీశాయో ఈ చేతులు. పాలలో ఉడకబెట్టి, దారానికి గుచ్చి, డేరా తాళ్ళకు వేలాడదీసి ఎండబెట్టేవాళ్ళం.

"అది మట్టిలో ఉంటుంది, మర్యాదగా," అన్నాను. "నీ మొక్కల్లాగా బట్టలిప్పుకుని వేలాడదు. సాలెప్‌కు కింద రెండు దుంపలు. ఒకటి వడిలిపోయి నల్లగా ఉంటుంది, అది తల్లి. ఇంకొకటి తెల్లగా గట్టిగా ఉంటుంది, అది కూతురు. మేము కూతుర్ని తీసుకుని తల్లిని మళ్ళీ గుంటలో పెట్టి మడమతో తొక్కేవాళ్ళం. దేవుడిచ్చిన దాన్ని వేరుతో సహా లాగెయ్యకూడదని మా అమ్మ నేర్పింది. మరుసటేడు అది మళ్ళీ వస్తుంది."

వాడు గ్లాసు దించాడు.

"మా అమ్మా అలాగే తొక్కేది పిన్నీ. మాదీ ఆ కొండలే, అవతలి వైపు. చిన్నప్పుడు నేను తొక్కిన చోటల్లా పుల్ల గుచ్చి ఎర్ర దారం కట్టాను, మళ్ళీ వస్తే చూద్దామని. మరుసటేడు దారాలే ఉన్నాయి. ఒక్కటీ రాలేదు."

"మేకలు తినుంటాయి."

"తినలేదు. తల్లి దగ్గర ఇక ఏమీ మిగలదు పిన్నీ. ఉన్నదంతా ఆ ఏడు పువ్వుకూ, పక్కన కూతురికీ పెట్టేస్తుంది. కూతురు ఉంటేనే పైయేడు మొక్క."

నుర్తెన్ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

వీడు చెప్పొచ్చాడు. మా అమ్మకు తెలియదా? వాళ్ళమ్మకు తెలియదా? కొండ మీద ఆడవాళ్ళందరికీ తెలియనిది మీటర్లు చూసేవాడికి తెలిసిందా? అయినా కూతుర్ని పట్టుకుపోదామని చూసేవాడు కాక ఇంకెవరంటారు ఆ మాట?

సాలెప్ చల్లారి పైన తొరక కట్టింది. పారబోశాను.

నవంబరు 21, శుక్రవారం

రాసిమ్ ఇస్పార్తాలో వాళ్ళక్క ఇంటికప్పు బాగుచేయించడానికి వెళ్ళాడు. నుర్తెన్ దుకాణానికి వెళ్ళింది. ఇంట్లో నేనూ, తొట్టీ.

ఈ రోజు ఒక పుణ్యకార్యం చేశాను.

కూర్చున్న చోటునుంచి ఎటు తిరిగినా ఆ వేళ్ళే కనబడుతున్నాయి. వేరు పుట్టింది మట్టి కోసం. దాన్ని గాలిలో వేలాడదీసి, ఫ్యాను పెట్టి, దీపం వేసి చూసి మురిసిపోవడం ఏం పని? చలికాలంలో గుడ్డలు లేకుండా నిలబెట్టినట్టుంది. జాలి వేసింది. రోత కూడా వేసింది, కాదనను, కానీ ముందు జాలే.

బాల్కనీలో నా జెరేనియం పూలమొక్క ఉన్న ఆలివ్ నూనె డబ్బాలోంచి మంచి మట్టి తీశాను. ముద్దగా తడిపాను. బిస్మిల్లా అని, ఒక్కో మొక్క వేళ్ళకూ ఆ మట్టి దట్టంగా మెత్తాను. పైన నాచు కప్పేశాను. ఆ నాచు ముట్టుకోవలసి వచ్చింది. గోళ్ళ కిందికి పోయింది. సబ్బుతో తోముకున్నాను, నిమ్మచెక్కతో తోముకున్నాను.

ఇప్పుడు చూడటానికి మర్యాదగా ఉన్నాయి.

నవంబరు 24

"నాచు భలే పట్టిందమ్మా," అంది నుర్తెన్, తొట్టి ముందు కూర్చుని నీళ్ళు చల్లుతూ.  మంచిపని చేసి చాటుకునే అలవాటు నాకు లేదు.

డిసెంబరు 1

ఒక ఆకు పసుపు రంగుకు తిరిగింది. ఆ దీపం వల్ల. నేను మొదటే అన్నాను దీపం ఎక్కువని.

డిసెంబరు 6

తొట్టి చుట్టూ చిన్న చిన్న నుసి పురుగులు. టీలో పడుతున్నాయి. ఇంకో రెండు ఆకులు. ఫ్యాను గాలి కొట్టి ఉంటుంది.

రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇస్పార్తానుంచి ఫోను వస్తోంది. నుర్తెన్ బాల్కనీలోకి వెళ్ళి తలుపు మూసుకుని మాట్లాడుతుంది. "ఆకులు పసుపవుతున్నాయి... లేదు, నీళ్ళు నువ్వు చెప్పినంతే..." అంటోంది. నువ్వు, అంటోంది.

డిసెంబరు 10

కంపు. చేపలున్నప్పుడు కూడా ఇంత లేదు.

డిసెంబరు 14, ఆదివారం

వాడు వచ్చాడు. ఇస్పార్తానుంచి గులాబీ మురబ్బా సీసా తెచ్చాడు. నా చేతికిచ్చి సూటిగా తొట్టి దగ్గరికి వెళ్ళాడు. మూత తీశాడు. మొహం పక్కకు తిప్పుకుని, మళ్ళీ లోపలికి వంగాడు.

వేలితో నాచు పక్కకు తప్పించాడు. ఒక వేరు పట్టుకుంటే తొడుగు ఊడి చేతికొచ్చింది, ఉడికిన టమాటా తోలులాగా, లోపల సన్నటి దారం ఒక్కటే మిగిలింది. గోధుమరంగు జిగురు. నుర్తెన్ చేత్తో నోరు మూసుకుంది.

"ఏమైంది రాసిమ్?"

 మట్టిని వేళ్ళ మధ్య నలిపాడు. అందులో తెల్లటి పెంకుముక్క ఒకటి తగిలింది. కోడిగుడ్డు పెంకు. జెరేనియం బలంగా పెరుగుతుందని ఆ డబ్బాలో నేనే నలిపి వేస్తాను. ఈ వీధిలో అలా వేసేది నేనొక్కదాన్నే. ఆ సంగతి నుర్తెన్‌కు తెలుసు. వాడికీ తెలుసు, ఒకప్పుడు నేనే గొప్పగా చెప్పాను.

వాడు ఆ పెంకును గుప్పిట్లో దాచేశాడు. నేను చూశాను. కళ్ళు మందగించినా అది మాత్రం చూశాను.

"నాదే పొరపాటు నుర్తెన్," అన్నాడు. "వెళ్ళేముందు నేనే కాస్త మట్టి పెట్టాను. నేను లేనప్పుడు తడి ఉంటుందనుకున్నాను."

నాకు ఒంట్లో నెత్తురు మరిగింది. అబద్ధం! నా ఇంట్లో, నా ముందు, నా కోసం అబద్ధమాడతాడా? నేను వాడి జాలి మీద బతకాలా? కాజిమ్, నువ్వే చెప్పు, ఇంత నున్నగా అబద్ధమాడేవాడిని ఎలా నమ్మడం?

"ఏయ్ మీటర్ల రాసిమ్, గుప్పిట తెరువు!"

"ఏం లేదు పిన్నీ..."

"తెరవమన్నానా!"

తెరిచాడు. అరచేతి మీద పెంకు.

"ఆ మట్టి నాది," అన్నాను నుర్తెన్‌తో. "నేను పెట్టాను. ఈ చేతులతో. వాటి సిగ్గు కప్పడానికి పెట్టాను. మట్టిలో పెడితే చచ్చే మొక్కను ఇంట్లోకి తేవడం మీ తప్పు, నా తప్పు కాదు. దీనికి ఎవడూ నాకు అడ్డం రానక్కర్లేదు."

నుర్తెన్ అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరిచేదాన్ని, ఇద్దరం ఏడ్చేవాళ్ళం, అయిపోయేది. అది అరవలేదు. వంటింట్లోకి వెళ్ళి కత్తెర తెచ్చింది. పొయ్యి మంట మీద కత్తెర కాల్చి, ఒక్కో మొక్కకూ మేజోడు విప్పి, కుళ్ళిన వేళ్ళన్నీ కోసింది. తెగిన చోటల్లా దాల్చిన చెక్క పొడి అద్దమన్నాడు వాడు. నా దాల్చిన చెక్క సీసానే తీసుకుంది. నన్ను అడగలేదు. పాత వార్తాపత్రిక మీద ఆ కుళ్ళంతా కుప్పపోసి ఉంది. దాని పక్కనే నేను కూర్చుని ఉన్నాను. ముక్కు మూసుకోలేదు. వాళ్ళు మూసుకోనప్పుడు నేనెందుకు మూసుకోవాలి?

రెండు మొక్కలు మిగిలాయి. ఒకదానికి ఒక్కటే ఆకు.

డిసెంబరు 15

మాట్లాడలేదు.

డిసెంబరు 17

అన్నం పెడుతుంది, మందులిస్తుంది, కాళ్ళకు నూనె రాస్తుంది. మాట్లాడదు. నేనూ మాట్లాడలేదు. నాకేం తక్కువ?

గులాబీ మురబ్బా మూత తీసి వాసన చూశాను. సబ్బులా ఉంది. రెండు చెంచాలు తిన్నాను, పాడైపోతుందని.

డిసెంబరు 28, ఆదివారం

ఇవాళ నోరు తెరిచింది. నా పాదం ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీస్తూ.

"అమ్మా, పై నెల రాసిమ్ వాళ్ళక్క వస్తుంది. అడగడానికి."

"ఏం అడగడానికి? జల్లెడా?"

"నన్ను."

గోరు చిటుక్కుమని తెగింది.  

"వాడికి అరవై దాటాయే!"

"అరవై రెండు."

"వాడు తాగితే వీధి చివరికి వినబడుతుంది."

"వినబడుతుంది."

"వాడి పళ్ళు కట్టుడు పళ్ళు. రాత్రిపూట గ్లాసులో వేస్తాడు."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"ఆయనే చెప్పాడమ్మా. పెళ్ళయ్యాక చూసి జడుసుకోవద్దని." నవ్వు ఆపుకుంటోంది. తర్వాత నవ్వు పోయింది. "పైన ఆయన ఇంట్లోనే ఉంటాం. పొద్దున్నా సాయంత్రమూ దిగి వస్తాను. నీ వంట, నీ మందులు, ఏదీ ఆగదు."

పైన. ఈ పాత మేడకు లిఫ్టు లేదు. మోకాళ్ళ ఆపరేషన్ అయిన దగ్గరనుంచి మొదటి అంతస్తు దాటి ఒక్క మెట్టు పైకి ఎక్కింది లేదు నేను. నాలుగో అంతస్తు అయినా ఒకటే, తోరోస్ కొండ కొన అయినా ఒకటే. నా తల మీద ఎక్కడో నా కూతురు నడుస్తుంటే కింద నేను చెవి ఒగ్గి పడుకోవాలి. అర్ధరాత్రి ఊపిరాడక పిలిస్తే ఏ మెట్టు మీద ఆగిపోతుందో నా గొంతు?

ఇవేవీ దానితో అనలేదు. పళ్ళ గురించే ఇంకోసారి అన్నాను.

అది నా పాదం కింద పెట్టింది.

"నువ్వు ఇవ్వనంటే నేను వెళ్ళను," అంది. "నీ మాట తోసేసి గుమ్మం దాటడం నాకు చేతకాదు, అది నీకూ తెలుసు. ఇన్నేళ్ళూ చేతకాలేదు. అందుకే ముందుగా చెబుతున్నాను. ఇవ్వనని అనకమ్మా."

జనవరి 4

అననా? ఎందుకు అనకూడదు? తల్లిని నేను.

జనవరి 11, ఆదివారం

వచ్చారు. వెళ్ళారు. ఇల్లంతా సెంటు కంపు.

వాళ్ళక్క మక్బూలె నాకంటే రెండింతలుంది. సోఫాలో కూలబడితే సోఫా మూలిగింది. వెండి పళ్ళెంలో చాక్లెట్లు, సంచీ అంత పూలగుత్తి. తొట్టి వంక చూసి, "ఇదేనా మావాడు చెప్పిన అడవి? రెండు ఆకులు, ఒక కర్ర!" అంది. రాసిమ్ సూటు వేసుకున్నాడు. పెళ్ళాం బతికున్నప్పటి సూటు కాబోలు, గుండీ పట్టడం లేదు. మెడ దగ్గర గడ్డం గీసుకుంటూ కోసుకున్నాడు, దాని మీద కాగితం ముక్క అంటించుకుని అలాగే వచ్చాడు. నెత్తుటి చుక్క ఉన్న కాగితం. పెళ్ళికొడుకు.

పద్ధతి ప్రకారం ముందు కాఫీ. పిల్ల కాఫీ తెచ్చి, అందరూ తాగాక, పెద్దవాళ్ళు అడగాలి. మక్బూలెకు అంత ఓపిక ఎక్కడిది? నుర్తెన్ ఇంకా వంటింట్లో ఉండగానే గొంతు సవరించుకుంది.

"అల్లా ఆజ్ఞతో, ప్రవక్త మాటతో, మీ అమ్మాయిని మా అబ్బాయికి అడుగుతున్నాం."

అబ్బాయి! నేను ఆ అబ్బాయిని చూశాను. మెడ మీది కాగితాన్ని చూశాను. నేను వారమంతా ఒక మాట సిద్ధం చేసుకుని కూర్చున్నాను. కాదంటే నుర్తెన్ మొహం జీవితాంతం చూడాలి. అందుకని వాళ్ళే కాదని లేచిపోయే మాట వెతికాను.

"ఇస్తాను," అన్నాను. "కానీ పైకి పంపను. అబ్బాయే ఇక్కడికి రావాలి. ఇల్లరికం."

మా వైపు ఇల్లరికపు అల్లుడికి టీ కొట్టులో కుర్చీ కూడా ఇవ్వరు. ఆ మాట అడగడమే తిట్టు. మగవాడన్నవాడు లేచి చెప్పులు తొడుక్కుంటాడు.

మక్బూలె మెడ ఎర్రబడింది. "ఏమిటీ? మావాడు సొంత ఇల్లున్న మనిషి! అత్త చీపురు కింద పడి ఉండాలా?"

"అక్కా, ఊరుకో," అన్నాడు రాసిమ్. నా వైపు తిరిగాడు. "వస్తాను పిన్నీ. నాకేం అభ్యంతరం లేదు. మొక్కలు ఎక్కువున్నాయి, కాస్త బాల్కనీలో చోటిస్తే చాలు."

 వస్తాడట! వాడి గ్లాసు, వాడి పళ్ళు, వాడి చప్పరింపులు, ఆ మొక్కల వేళ్ళన్నీ నా ఇంట్లోకి! నేను తిట్టిన తిట్టును జేబులో వేసుకుని కృతజ్ఞతగా చూస్తున్నాడు. సిగ్గులేని మనిషి. అయినా నా లోపల ఎక్కడో ఏదో వదులైంది, తలుపు గొళ్ళెం తీసినట్టు. నుర్తెన్ ఇక్కడే ఉంటుంది. ఈ గోడల మధ్యే ఉంటుంది.

అప్పుడు నుర్తెన్ కాఫీ పళ్ళెం తెచ్చింది.

ఆకుపచ్చ జాకెట్టు వేసుకుంది. ముందు మక్బూలెకు, తర్వాత నాకు, చివర వాడికి ఇచ్చింది. అందరం వాడినే చూస్తున్నాం. అడగడానికి వచ్చిన రోజు పిల్ల పెళ్ళికొడుకు కప్పులో చక్కెర బదులు ఉప్పు వేస్తుంది కదా. మొహం చిట్లించకుండా తాగితే, ఈ పిల్ల చేతి నుంచి ఏది వచ్చినా భరిస్తాడని అర్థం. మక్బూలె అప్పుడే మోచేత్తో పొడవడానికి సిద్ధంగా ఉంది. వాడు ఒక గుటక వేశాడు. ఇంకోటి వేశాడు. ఆశ్చర్యంగా కప్పులోకి చూశాడు.

"తియ్యగా ఉంది," అన్నాడు, తప్పు చేసినట్టు.

నేను నా కప్పు ఎత్తి తాగాను.

ఉప్పు. ఒక చిటికెడు కాదు, గుప్పెడు. సముద్రాన్ని మసిబొగ్గుతో కాచినట్టుంది. నాలుక ముడుచుకుపోయింది, ముక్కులోకి ఎక్కింది. తలెత్తి చూశాను. నుర్తెన్ పళ్ళెం పొట్టకు ఆనించుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. వాడి వంక చూడటం లేదు. నన్నే చూస్తోంది. వంటింటి తలుపు తెరిచే ఉంది, ఇల్లరికం మాటా విన్నది, వాడు సరేననడమూ విన్నది. పొరపాటున మారిన కప్పు కాదు ఇది. అడిగినవాళ్ళూ మాట్లాడుకున్నారు, ఇచ్చేవాళ్ళూ మాట్లాడుకున్నారు. ఆ గదిలో దాన్ని ఎవరూ అడగలేదు.

ఉమ్మెయ్యవచ్చు. కప్పు నేలకు కొట్టవచ్చు. "ఏం వేశావే ఇందులో?" అని మక్బూలె ముందు అరవవచ్చు. అరిస్తే పెళ్ళి ఆగిపోతుంది. దానికీ అది తెలుసు. తెలిసే నా చేతికిచ్చి నిలబడింది. 

ఇంకో గుటక తాగాను. మొహం కదలనివ్వలేదు. ఇంకో గుటక. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది ఉప్పు పని, నా పని కాదు.

"కాఫీ ఎలా ఉంది వదినా?" అంది మక్బూలె.

"బాగుంది," అన్నాను. "ఇల్లరికం మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. మీ అబ్బాయి ఇల్లు మీ అబ్బాయికే ఉండనీ. పిల్లను పైకి తీసుకెళ్ళండి. ఇచ్చాను."

మక్బూలె చేతులు పైకెత్తి దువా చదవడం మొదలుపెట్టింది. రాసిమ్ లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచి నా చెయ్యి ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. మీసం తడిగా ఉంది. తుడుచుకోలేదు నేను.

కప్పులో ఇంకా అడుగు మిగిలింది. ఎవరూ తాగని ముద్ద, ఇసుకలాంటి మడ్డి, ఉప్పంతా అక్కడే దిగి ఉంది. నుర్తెన్ దగ్గరికి వచ్చి, "చాలమ్మా, ఇటివ్వు," అని చెయ్యి చాపింది, నాకు మాత్రమే వినబడేట్టు.

ఇవ్వలేదు. తలెత్తి అదీ తాగాను. అప్పుడిచ్చాను.

నుర్తెన్ కప్పు అందుకుని లోపలికి చూసింది. మడ్డి కూడా లేదు.